తీయో అంటే బాబాయా, మేనమామా? స్పానిష్ చుట్టరికాలకు తెలుగు దారి

స్పానిష్ నేర్చుకునేవాళ్లకు పలకరింపులు, అంకెలు అయిపోగానే వచ్చే పాఠం కుటుంబం. పాద్రే అంటే ఫాదర్, మాద్రే అంటే మదర్, తీయో అంటే అంకుల్, ప్రీమో అంటే కజిన్ అని ఒక పట్టిక ఇస్తారు. హైదరాబాద్‌లో కోర్సులో చేరినా, ఫోన్లో యాప్ పెట్టుకున్నా, డాలస్‌లో మనవాళ్ల పిల్లలు హైస్కూల్లో చదివినా ఇంచుమించు అదే పట్టిక. బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది. ఒక మెక్సికో కుటుంబంతోనో, పెరూ కుటుంబంతోనో కూర్చుని మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం చిక్కులు మొదలవుతాయి. మనం తెలుగు నుంచి ఇంగ్లీషుకి, అక్కణ్నుంచి స్పానిష్‌కి వెళ్తున్నాం. మేనమామ అనే మనిషి అంకుల్ అయినప్పుడే ఆయనకున్న వరస పోయింది. ఇక తీయో దగ్గరికి వచ్చేసరికి ఏం పోగొట్టుకున్నామో కూడా గుర్తుండదు.

నా మట్టుకు నాకు, ఈ ఒక్క పాఠంలో ఇంగ్లీషుని పూర్తిగా పక్కన పెట్టాలనిపిస్తుంది. స్పానిష్ చుట్టరికాల్లో కొన్ని తెలుగుకి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, వాటికి ఇంగ్లీషులో మాటే లేదు. ఇంకొన్నిచోట్ల మనకున్న తేడాలన్నీ మనమే వదులుకోవాలి. ఏది ఏ రకమో ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు పలకడం గురించి రెండు మాటలు. స్పానిష్‌లో వినిపించేవి మన త, ద లే, ట, డ కావు. అందుకే 'టియో' అనకూడదు, 'తీయో' అనాలి. పదం మొదట్లో హెచ్ అక్షరం రాస్తారు కానీ పలకరు, కాబట్టి సోదరుడు ఎర్మానో, కొడుకు ఈహో. ఈహోలో వినిపించే హ గొంతులోంచి కాస్త గరుకుగా వస్తుంది, అది రాతలో జె. ఓనమాల్లో నేర్చుకుని తర్వాత దాదాపు మరచిపోయే మన ఞ అక్షరానికి స్పానిష్‌లో మంచి పని ఉంది. ఎన్ మీద చిన్న వంకర గీత గీసి దాన్ని రాస్తారు. 'కున్యాదో' అన్న మాటలో ఉండేది అదే. పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్నది ఇంకా ముఖ్యం. రెండో 'పా' ని నొక్కి 'పపా' అంటే నాన్న. మొదటిదాన్ని నొక్కి 'పాప' అంటే రోములోని పోపుగారు, లాటిన్ అమెరికాలో అయితే బంగాళాదుంప కూడా. 'మమా' అంటే అమ్మ, 'మామ' అంటే రొమ్ము. రాసేటప్పుడు ఈ తేడా చూపేది అచ్చు మీద పెట్టే చిన్న గీత ఒక్కటే, అది మానేస్తే అర్థం మారిపోతుంది.

పాద్రే అన్న మాట మనకి బొత్తిగా కొత్త కాదు. చర్చి ఫాదర్‌ని మనవాళ్లు పాద్రీ అనడం పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. స్పానిష్‌లోనూ పాద్రే అంటే తండ్రి, ఫాదర్ ఇద్దరూ.

వరసలు వదులుకునే చోటు

నాన్న అన్నయ్య పెదనాన్న, తమ్ముడు బాబాయి, అక్కచెల్లెళ్లు మేనత్తలు. అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్ని, అన్నదమ్ములు మేనమామలు. పెద్దమ్మ భర్త మళ్లీ పెదనాన్నే, మేనమామ భార్య మళ్లీ అత్తే. ఇంతమందికీ స్పానిష్‌లో రెండే మాటలున్నాయి. మగవాళ్లయితే తీయో, ఆడవాళ్లయితే తీయా. ఏ వైపువాళ్లో చెప్పి తీరాల్సి వస్తే 'తీయో పోర్ పార్తే దే మాద్రే', అంటే అమ్మ తరఫు తీయో అంటారు. మామూలుగా ఆ అవసరమే రాదు, పేరు చేర్చి పిలిచేస్తారు.

స్పానిష్‌కి తల్లి అయిన లాటిన్ ఇలా ఉండేది కాదు. నాన్న సోదరుడు పాత్రుఉస్, అమ్మ సోదరుడు అవున్‌కులుస్, నాన్న సోదరి అమితా, అమ్మ సోదరి మాతెర్తెరా. రోమన్లకి బాబాయి వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు, పిన్ని వేరు. కాలక్రమంలో ఆ నాలుగు మాటలూ వాడుకలోంచి జారిపోయాయి. గ్రీకు నుంచి లాటిన్‌లోకి ఆలస్యంగా వచ్చిన థీయుస్ అన్న మాట వాటి స్థానంలో స్థిరపడింది. నేటి తీయో అదే. ఇంగ్లీషు అంకుల్ మాత్రం అవున్‌కులుస్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఆంట్ అమితా నుంచి వచ్చింది. అంటే ఒకప్పటి మేనమామ, మేనత్తలే అక్కడ అందరికీ అంకుల్, ఆంటీ అయ్యారు. ఈ చరిత్ర తెలిశాక తీయో అనే మాట మీద నాకు చిరాకు పోయింది. ఆ భాషకి వరసలు తెలియక కాదు, ఒకప్పుడు ఉన్నవాటిని వదిలేసుకుంది.

ప్రీమో దగ్గర మనకి ఇంకాస్త కష్టం. పెదనాన్న కొడుకు మనకి అన్నో తమ్ముడో, మేనమామ కొడుకు బావో బావమరిదో. ఒకరు తోబుట్టువు వరస, ఇంకొకరు పెళ్లి కుదిరే వరస. స్పానిష్‌లో వాళ్లంతా ప్రీమోలు, ఆడపిల్లలైతే ప్రీమాలు. మొదటి తరం వాళ్లని ప్రత్యేకంగా చెప్పాలంటే 'ప్రీమో ఎర్మానో' అంటారు. ఎర్మానో వినగానే మనవాళ్లు పెదనాన్న కొడుకనో బాబాయి కొడుకనో అనుకుంటారు. నిజానికి అందులో మేనబావ కూడా ఉన్నాడు.

ఎర్మానో అంటే అన్నా, తమ్ముడా అన్నది ఆ మాటలో తెలియదు. పెద్దవాడైతే 'ఎర్మానో మయోర్', చిన్నవాడైతే 'ఎర్మానో మెనోర్' అనాలి. అన్నయ్యా, అక్కా అని పిలవడం ఉండదు, తమ్ముళ్లు కూడా పేరు పెట్టే పిలుస్తారు. ఎర్మానో లాటిన్ గెర్మానుస్ నుంచి వచ్చింది. ఒకే తల్లిదండ్రులకి పుట్టిన సొంత సోదరుడని దాని అర్థం, మన తోబుట్టువులా. లాటిన్‌లో సోదరుణ్ని చెప్పే అసలు మాట ఫ్రాతెర్ చర్చిలోకి వెళ్లి ఫ్రాయిలే అయింది, అంటే సన్యాసి.

బహువచనం దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పాద్రేస్ అంటే తండ్రులు మాత్రమే కాదు, తల్లిదండ్రులు. ఈహోస్ అంటే పిల్లలు, అబ్వేలోస్ అంటే తాతా అమ్మమ్మా. తీయోస్ అంటే బాబాయీ పిన్నీ కలిసి. 'రేయెస్' అంటే రాజూ రాణీ, కొలంబస్‌ని పంపిన ఇసబెల్, ఫెర్నాందోలని స్పెయిన్‌లో రేయెస్ కతోలికోస్ అనే పిలుస్తారు. కాబట్టి 'తియెనెస్ ఎర్మానోస్?' అని ఎవరైనా అడిగితే 'అన్నదమ్ములున్నారా' అని అర్థం చేసుకోకూడదు. 'తోడబుట్టినవాళ్లున్నారా' అని అడుగుతున్నారు. ఇద్దరు అక్కలే ఉన్నా 'సీ, దోస్ ఎర్మానాస్' అని చెప్పాలి. ఇంగ్లీషు చదివినవాళ్లని దారి తప్పించే మాట ఇంకొకటుంది. 'పరియెంతెస్' చూడటానికి పేరెంట్స్‌లా ఉంటుంది, అర్థం మాత్రం బంధువులు.

ఒక ఇల్లు, రెండు పెళ్లిళ్లు

ఈ మాటలన్నీ ఒకేచోట ముడిపడిన కుటుంబం ఒకటుంది. 2010లో నోబెల్ బహుమతి అందుకున్న పెరూ రచయిత మారియో వర్గాస్ యోసాది. వివరాలన్నీ లోకానికి తెలిసినవే, ఆయనే రాసుకున్నారు కూడా.

ఆయన తల్లి దోరా యోసా. ఆమె సోదరుడు లూచో, అంటే మారియోకి మేనమామ. లూచో భార్య ఓల్గా ఉర్కీది. ఓల్గా చెల్లెలు హూలియా ఉర్కీది. 1955లో మారియో హూలియాని పెళ్లి చేసుకున్నారు. ఆయన ఇంకా ఇరవై దాటని కుర్రాడు, ఆవిడ వయసులో బాగా పెద్ద, అప్పటికే ఒకసారి విడాకులైనావిడ. ఇంట్లో పెద్ద గొడవైంది. ఆ పెళ్లి 1964లో విడాకులతో ముగిసింది. 1965లో ఆయన పత్రీసియాని పెళ్లి చేసుకున్నారు. పత్రీసియా ఎవరో కాదు, లూచో, ఓల్గాల కూతురే.

స్పానిష్‌లో చెప్తే ఆయన ముందు ఒక తీయాని, తర్వాత ఒక ప్రీమాని చేసుకున్నారు. ఇంగ్లీషులో చెప్తే ఒక ఆంట్, ఒక కజిన్. రెండు భాషల్లోనూ రెండు పెళ్లిళ్లూ సమానంగా వింతగానే వినిపిస్తాయి. తెలుగులో చెప్పి చూడండి. మేనమామ భార్య అత్త, ఆమె చెల్లెలు కూడా అత్త వరసే. ఆ పెళ్లికి మన పెద్దవాళ్లు వరస కుదరదంటారు. పత్రీసియా మేనమామ కూతురు, అంటే మరదలు. అది మేనరికం, మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో జరిగిన పెళ్లే.

కాథలిక్ చర్చి లెక్క దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. హూలియాతో ఆయనకి రక్తసంబంధం లేదు, కాబట్టి బంధుత్వపరంగా ఆ పెళ్లికి చర్చి నియమం అడ్డు రాదు. పత్రీసియా రక్తబంధువు, ఆ దగ్గరితనంలో పెళ్లికి చర్చి నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. మనం వరస చూస్తాం, వాళ్లు 'గ్రాదో' చూస్తారు. గ్రాదో అంటే మెట్టు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుడి దాకా ఎక్కి, మళ్లీ రెండోవాళ్ల దాకా దిగుతూ తరాలు లెక్కపెట్టాలి. సోదరుడు రెండో గ్రాదో, తీయో మూడో గ్రాదో, ప్రీమో నాలుగో గ్రాదో. స్పెయిన్ సివిల్ కోడ్ ప్రకారం ప్రీమాని పెళ్లి చేసుకోవడానికి అడ్డు లేదు. మేనమామ, మేనకోడలి పెళ్లి మాత్రం మూడో గ్రాదో కాబట్టి నిషేధం, జడ్జి మినహాయింపు ఇస్తేనే కుదురుతుంది. ఈ లెక్క పెళ్లిళ్లతోనే ఆగదు. దగ్గరి బంధువు ఆసుపత్రిలో ఉంటే ఉద్యోగికి సెలవు ఇవ్వాలన్న నియమంలో కూడా స్పెయిన్ చట్టం 'రెండో గ్రాదో వరకు' అంటుంది. అక్కడ ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లకి అది పనికొచ్చే మాట.

అదే కుటుంబం ఇంటిపేర్ల లెక్కని కూడా విడమరిచి చూపిస్తుంది. స్పానిష్ ప్రపంచంలో చాలాచోట్ల మనిషికి రెండు ఇంటిపేర్లుంటాయి. మొదటిది తండ్రి మొదటి ఇంటిపేరు, రెండోది తల్లి మొదటి ఇంటిపేరు. ఇంటిపేరుని 'అపెయీదో' అంటారు. తండ్రి వర్గాస్, తల్లి యోసా కాబట్టి ఆయన వర్గాస్ యోసా. భార్య పత్రీసియా యోసా ఉర్కీది, తండ్రి లూచో నుంచి యోసా, తల్లి ఓల్గా నుంచి ఉర్కీది. వాళ్ల పిల్లలకి తండ్రి నుంచి వర్గాస్, తల్లి నుంచి యోసా వచ్చాయి, అందుకే పిల్లలు కూడా వర్గాస్ యోసాలే. మామూలుగా తండ్రీ పిల్లల రెండో ఇంటిపేరు వేరుగా ఉంటుంది. ఇక్కడ మేనరికం వల్ల కలిసింది.

దీన్నిబట్టి మన పత్రికల్లో తరచూ కనిపించే ఒక పొరపాటు కూడా తెలుస్తుంది. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌ని మనం మార్కెస్ అనేస్తాం. గార్సియా తండ్రి ఇంటిపేరు, మార్కెస్ తల్లిది. కాబట్టి గార్సియా మార్కెస్ అని రెండూ కలిపి అనడమే సరి. పెళ్లయ్యాక స్పెయిన్ ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోరు. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల 'దే' అని చేర్చి భర్త ఇంటిపేరు పెట్టుకునే అలవాటుంది. 1990 నుంచి 1997 వరకు నికరాగ్వా అధ్యక్షురాలిగా ఉన్న బియోలేతా బార్యోస్ దే చమోర్రో పేరు అలాంటిదే, చమోర్రో ఆమె భర్త ఇంటిపేరు. తండ్రి పేరే ముందుండాలన్న నియమం స్పెయిన్‌లో ఇప్పుడు లేదు, ఏది ముందో తల్లిదండ్రులే నిర్ణయించుకుంటారు.

పెళ్లితో వచ్చే చుట్టాలు

అత్తగారు స్వేగ్రా, మామగారు స్వేగ్రో, ఇద్దరూ కలిసి స్వేగ్రోస్. అల్లుడు యెర్నో, కోడలు న్వేరా. చివరి ఓని ఆగా మారిస్తే ఆడమాట వస్తుందన్న సూత్రం ఈ జంట దగ్గర పనిచేయదు, విడివిడిగా గుర్తు పెట్టుకోవాల్సిందే. తెలుగులో మామయ్య అంటే అమ్మ తమ్ముడూ కావచ్చు, భర్త తండ్రీ కావచ్చు. మేనరికాల వల్ల ఆ రెండు స్థానాలూ ఒకే మాటలో కలిసిపోయాయి. స్పానిష్‌లో ఒకరు తీయో, ఇంకొకరు స్వేగ్రో, పొరపడటానికి వీల్లేదు. ఇక్కడ జాగ్రత్తగా విడదీయాల్సింది మనమే. కున్యాదో మాత్రం మళ్లీ పెద్ద సంచి. అక్క భర్త, చెల్లెలి భర్త, భార్య అన్నదమ్ములు, భర్త అన్నదమ్ములు అందరూ అందులోనే. ఆడవాళ్లయితే కున్యాదా. లాటిన్‌లో దీని మూలమైన కొగ్నాతుస్‌కి అర్థం రక్తబంధువు, అది మెల్లగా జరిగి జరిగి పెళ్లి వల్ల వచ్చిన బంధువు మీద వాలింది.

ఇక నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. కూతురి అత్తగారిని ఇంగ్లీషులో ఏమంటారు? 'మా అమ్మాయి వాళ్ల అత్తగారు' అని చుట్టు తిరిగి చెప్పాలి తప్ప వాడుకలో మాట లేదు. స్పానిష్‌లో 'కొన్‌స్వేగ్రా'. వియ్యపురాలు! కొన్‌స్వేగ్రో వియ్యంకుడు, ఇద్దరూ కొన్‌స్వేగ్రోస్, అంటే వియ్యాలవారు. అలాగే భార్య అక్కచెల్లెళ్ల భర్త 'కొంకున్యాదో', మన తోడల్లుడు. భర్త అన్నదమ్ముల భార్య 'కొంకున్యాదా', మన తోటికోడలు. మెక్సికోలో కుదించి కొంకున్యో, కొంకున్యా అంటారు. 'కొన్' అంటే తో, తోడు. అల్లుడికి తోడు చేర్చి మనం తోడల్లుడు అన్నట్టే వాళ్లు కున్యాదోకి కొన్ చేర్చారు. ఇంగ్లీషు పట్టికలు ఈ మాటల్ని పూర్తిగా ఎగరగొట్టేస్తాయి. పట్టిక రాసినవాళ్లకి వాటి అవసరం తోచదు మరి. పెళ్లిపందిట్లో వియ్యాలవారి మర్యాదలు చూస్తూ పెరిగిన మనకి ఈ మాటలు ఒక్కసారి వింటే చాలు.

అత్తింటివాళ్లందరినీ కలిపి 'ఫమీలియా పొలీతికా' అంటారు. వినగానే ఎన్నికల్లో నిలబడే కుటుంబమేదో అనిపిస్తుంది. ఇక్కడ పొలీతికో అంటే పెళ్లి వల్ల ఏర్పడిన బంధుత్వం అని. పాత పద్ధతి రాతల్లో 'ఈహో పొలీతికో' కనిపిస్తే అల్లుడని చదువుకోవాలి.

చేయడం, చేసుకోవడం

పెళ్లికి వాడే క్రియ 'కసార్'. ఇది రెండు రూపాల్లో వస్తుంది, ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లకి ఈ రెండూ ఎప్పుడూ కలగాపులగమే. 'హువాన్ కసో ఆ సు ఈహా' అంటే హువాన్ తన కూతురికి పెళ్లి చేశాడు. 'సు ఈహా సే కసో కొన్ పేద్రో' అంటే ఆయన కూతురు పేద్రోని పెళ్లి చేసుకుంది. ఉత్త కసార్ చేయడం, 'సే' చేరిన కసార్సే చేసుకోవడం. ఫాదర్ వాళ్లిద్దరికీ పెళ్లి చేశాడనాలంటే ఉత్త కసార్ చాలు. ఇంగ్లీషు మ్యారీ ఈ రెంటికీ ఒకటే కాబట్టి అక్కడ పేజీలకి పేజీలు వివరణ రాస్తారు. తెలుగువాడికి అర నిమిషం పని.

ఈ సే ఒక్క పెళ్లితో ఆగదు. చేతులు కడుక్కోవడం, తల దువ్వుకోవడం, బట్టలు వేసుకోవడం, ఆఖరికి కూర్చోవడం, అన్నిట్లోనూ మన 'కొను' ఉన్నచోట వాళ్ల సే ఉంటుంది. ఒకరినొకరు అన్న అర్థం కూడా దానితోనే వస్తుంది. 'సే కియెరెన్' అంటే వాళ్లు ప్రేమించుకుంటున్నారు. అన్నిచోట్లా ఇలా జత కుదరదు. వండుకోవడానికీ అనుకోవడానికీ సే అక్కర్లేదు, మనకి కొను అవసరం లేని వెళ్లిపోవడానికి వాళ్లు సే వాడతారు. అయినా మొదటి మెట్టు ఎక్కడానికి ఇంత మంచి ఊత ఇంగ్లీషులో దొరకదు.

కసార్సే తర్వాత 'కొన్' తప్పదు. పేద్రోతో పెళ్లయింది అన్నప్పటి 'తో' అదే. కసార్ అన్న మాట కాసా నుంచి పుట్టింది, కాసా అంటే ఇల్లు. పెళ్లైన కుర్రాణ్ని మనం ఒక ఇంటివాడయ్యాడంటాం. 'ఎల్ కసాదో కాసా కియెరె' అని స్పానిష్ సామెత, అంటే పెళ్లైనవాడికి ఇల్లు కావాలి అని. కొత్త జంట వేరు కాపురం పెట్టుకోవాలన్న సందర్భంలో అంటారు.

పెళ్లి వేడుక 'బోదా', లాటిన్‌లో ప్రమాణాలు అన్న మాట నుంచి వచ్చింది. అర్జెంటీనాలో 'కసమియెంతో' ఎక్కువ వినిపిస్తుంది. 'మత్రిమోనియో' అంటే దాంపత్యం, ఆ దంపతులిద్దరినీ కలిపి కూడా 'ఉన్ మత్రిమోనియో' అంటారు. చిలీ, కొలంబియా లాంటిచోట్ల పెళ్లి వేడుకకీ ఇదే మాట.

'నోబియో' కాస్త జారుడు మాట. బాయ్‌ఫ్రెండ్, నిశ్చితార్థమైనవాడు, పెళ్లికొడుకు, ముగ్గురూ నోబియోనే. 'మి నోబియో' అంటే పెళ్లి కుదిరిందో లేదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. పెళ్లిరోజున మాత్రం అనుమానం లేదు, 'బీబాన్ లోస్ నోబియోస్!' అని విందులో కేకలు వేస్తారు, వధూవరులు చల్లగా ఉండాలని. చిలీలో ప్రేమించుకునే దశలో పొలోలో అంటారు, పెరూలో ఎనమొరాదో. ఆ దేశాల్లో నోబియో అంటే వ్యవహారం పెళ్లి దాకా వచ్చిందని అర్థం.

భార్యని స్పెయిన్‌లో 'మి ముహేర్' అంటారు. ముహేర్ అంటే స్త్రీ, మనం మా ఆవిడ అన్నట్టే. మెక్సికోలో 'మి ఎస్పోసా' ఎక్కువ. భర్త మరీదో లేదా ఎస్పోసో. ఆఫీసు కాగితాల్లో 'కోన్యుహే' అని కనిపిస్తుంది, అది భార్యాభర్తల్లో ఎవరికైనా సరిపోయే మాట. దాని వెనక ఒక చట్టం ఉంది. 2005లో స్పెయిన్ స్వలింగ వివాహాలను గుర్తించినప్పుడు సివిల్ కోడ్‌లో 'భర్త, భార్య హక్కుల్లో బాధ్యతల్లో సమానులు' అన్న చోట ఆ రెండు మాటలూ తీసేసి కోన్యుహేలు అని మార్చారు. పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్లు 'మి పరేహా' అంటారు. మగవాడి గురించి చెప్పినా ఆ మాట స్త్రీలింగమే. అప్లికేషన్లలో 'ఎస్తాదో సివీల్' దగ్గర సొల్తేరో, కసాదో, దివొర్సియాదో, బియూదో అని నాలుగు గళ్లుంటాయి: పెళ్లికానివాడు, పెళ్లైనవాడు, విడాకులు తీసుకున్నవాడు, భార్య పోయినవాడు. స్పెయిన్‌లో విడాకుల చట్టం 1981లో వచ్చింది, చిలీలో 2004లో. ఆ పాత తరం కథలు చదివేటప్పుడు ఈ ఏళ్లు గుర్తుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

ఇంట్లో మాట్లాడే తీరు

మనుషుల గురించి చెప్పేటప్పుడు స్పానిష్‌లో చిన్న 'ఆ' చేరుతుంది. 'బేయో లా కాసా' అంటే ఇల్లు చూస్తున్నాను, 'బేయో ఆ మి అబ్వేలా' అంటే మా అమ్మమ్మని చూస్తున్నాను. ఇల్లు చూశాను అంటాం కానీ అమ్మమ్మ చూశాను అనం, 'ని' తప్పదు. ఆ 'ని' ఉన్నచోట వాళ్ల 'ఆ' పెట్టండి, నూటికి తొంభైపాళ్లు సరిపోతుంది.

ఫలానా ఆయనంటే నాకు పడదు అంటామా, స్పానిష్‌లో 'మే కాయె మాల్' అంటారు. కాయెర్ అంటే పడటమే. 'మి స్వేగ్రా మే కాయె బియెన్' అంటే మా అత్తగారంటే నాకు ఇష్టం, ఆవిడతో నాకు బాగా పడుతుంది. మనుషుల మధ్య పొసగడం గురించి అడుగుతుంటే ఇష్టపడటమనే క్రియ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఈ పడటం చాలు.

'మా' దగ్గర మాత్రం జాగ్రత్త. మా అమ్మ అన్నది స్పానిష్‌లో 'మి మాద్రే', అంటే నా అమ్మ. నువెస్త్రా మాద్రే అంటే అక్కడున్న తోబుట్టువుని కలుపుకుని చెప్తున్నట్టుంటుంది. 'సు' ఇంకా గజిబిజి. 'సు ఎర్మానా' అంటే మీ చెల్లెలు, అతని చెల్లెలు, ఆమె చెల్లెలు, వాళ్ల చెల్లెలు, ఏదైనా కావచ్చు. అనుమానం వస్తే 'లా ఎర్మానా దే ఎయా' అని, ఆమె చెల్లెలని విడదీసి చెప్తారు. నువ్వు, మీరు తేడా మనకి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. ఎవరిని ఏమనాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో అల్లుడు మామగారిని తూ అనడం ఇప్పుడు మామూలే. కొలంబియాలో చాలా ఇళ్లలో తల్లి చిన్నపిల్లాణ్ని కూడా ఉస్తెద్ అంటుంది, అది కోపం కాదు, ప్రేమగానే. కొత్తగా వెళ్లిన ఇంట్లో ఉస్తెద్‌తో మొదలుపెట్టి, వాళ్లే తూ అనమంటే మారడం మంచిది.

పిల్లల్ని పిలిచే పిలుపుల్లో మాత్రం మనం వాళ్లింట్లో మనిషిలా ఇమిడిపోవచ్చు. కొడుకుని నాన్నా అని, కూతుర్ని అమ్మా, తల్లీ అని పిలవడం ఇంగ్లీషువాళ్లకి ఎంత చెప్పినా అర్థం కాదు. కరీబియన్ ప్రాంతంలో, కొలంబియాలో తల్లులు పిల్లాణ్ని 'పపీ' అని, పాపని 'మమీ' అని పిలుస్తారు. నా కొడుకా అన్న 'మి ఈహో' కలిసిపోయి 'మీహో' అయింది, మెక్సికోలో పెద్దవాళ్లు పక్కింటి కుర్రాణ్ని కూడా మీహో అనేస్తారు. మనం దారినపోయే అబ్బాయిని బాబూ అన్నట్టు.

పద్రీనో

పుట్టుక, పెళ్లి కాకుండా మూడో దారిలో వచ్చే చుట్టరికం ఒకటుంది, అది తెలియకుండా ఈ పాఠం పూర్తి కాదు. పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు పక్కన నిలబడే జ్ఞానతండ్రి పద్రీనో, జ్ఞానతల్లి మద్రీనా, ఆ బిడ్డ వాళ్లకి అయిహాదో. అంతటితో అయిపోదు. బిడ్డ కన్నతండ్రి, పద్రీనో ఒకరికొకరు 'కొంపాద్రే' అవుతారు, ఆడవాళ్లు 'కొమాద్రే'. పిల్లల పెళ్లి వల్ల ఇద్దరు పెద్దవాళ్లు వియ్యంకులైనట్టు, బిడ్డ జ్ఞానస్నానం వల్ల ఇద్దరు పెద్దవాళ్లు కొంపాద్రేలవుతారు. మెక్సికో పల్లెల్లో ఇది గట్టి బంధం, అప్పుసప్పులకీ ఆపదకీ ముందుగా తట్టే తలుపు. చర్చి కూడా దీన్ని చుట్టరికంగానే చూసింది. 1983లో కొత్త నియమావళి వచ్చేదాకా పద్రీనోకీ అయిహాదాకీ పెళ్లి కుదరదన్న నిబంధన ఉండేది.

పెళ్లిలోనూ పద్రీనో ఉంటాడు. స్పెయిన్ ఆనవాయితీలో పెళ్లికూతుర్ని పీఠం దగ్గరికి తీసుకొచ్చే తండ్రి పద్రీనో, పెళ్లికొడుకు వెంట వచ్చే తల్లి మద్రీనా. మెక్సికోలో ఒక్కరు చాలరు. ఉంగరాలకి ఒక జంట, 'అర్రాస్'కి ఒక జంట, 'లాసో'కి ఒక జంట. అర్రాస్ అంటే వరుడు వధువు దోసిట్లో పోసే 13 నాణేలు. లాసో అంటే ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో ఇద్దరి భుజాల మీదా వేసే తాడు. మన కొంగుముడి చూసినవాళ్లకి దాని భావం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ మాట రాయలసీమ దాకా వచ్చింది కూడా. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ పని మొదలుపెట్టారు, 2009లో అక్కడే కన్నుమూశారు. స్పెయిన్‌లో ఆయన పేరున 1996లో ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా అక్కడి వేల కుటుంబాలు అనంతపురం పిల్లల చదువుకి డబ్బు పంపుతున్నాయి. మనం దాన్ని స్పాన్సర్‌షిప్ అంటాం. స్పానిష్‌లో దానికి వాడే క్రియ 'అపద్రినార్', అంటే పద్రీనో కావడం. డబ్బు పంపేవాళ్లు తమని పద్రీనో, మద్రీనా అని చెప్పుకుంటారు, పిల్లలకీ వాళ్లకీ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. దీన్ని తెలుగులో కొందరు దత్తత అనేస్తారు, అది సరికాదు. దత్తతకి స్పానిష్‌లో 'అదొప్తార్' అని వేరే మాట ఉంది, చట్టమూ వేరు. అపద్రినార్‌లో బిడ్డ తన అమ్మానాన్నల దగ్గరే, తన ఊళ్లోనే, తన ఇంటిపేరుతోనే ఉంటుంది.